బళ్లారి నాటకసభలు: నాయకత్వము, నాటకరచన

ఆంధ్ర నాటక సాహిత్య చరిత్రములను తిరుగవేసినవారికి ఒక విషయము తప్పక గోచరించును. వానిలో కవుల చరిత్ర కలదు. నటుల చరిత్ర కలదు. నాటకముల పట్టికలు కలవు. కాని నాటకసమాజమును నడపినవాని చరిత్ర, నడపుట యను కార్యముయొక్క చరిత్ర, దాదాపు లేదు. సమాజము పుట్టిన సంవత్సరమును ఒక వాక్యములో పేర్కొని చరిత్రకారుడు వెంటనే నాటకముల గుణదోష విచారమునకు దిగును. సమాజమును స్థాపించినవాడే నాటకకర్తయైన చోట ఈ లోపము మఱింత పెద్దదగును. ఏలయన, అట్టివాని విషయమున రచన వేఱు, నిర్వహణము వేఱు కావు. ఎవరికొఱకు వ్రాయుచున్నాడో, ఎవరిచే ఆడింపనున్నాడో, ఎవరియెదుట ఆడింపనున్నాడో కలము పట్టుటకు ముందే అతడు ఎఱుగును. ఆ యెఱుక అతని నాటకములో చేరియే యుండును.

ఈ వ్యాసమున మేము బళ్లారి పట్టణమందలి రెండు సభలను, వానిని నడపిన ఇరువురు ప్లీడర్లను తీసికొని, వారి నాయకత్వము తెలుగు నాటకమునకు ఏమి యిచ్చినది, ఏమి యీయలేకపోయినది అను విషయమును విచారింపదలచితిమి. సరసవినోదినీ సభకు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912), సుమనోరమ సభకు కోలాచలము శ్రీనివాసరావుగారు (1854–1919) నాయకులు. వీరి నాటకములను గూర్చి చర్చ కొంత జరిగినది. వీరి నాయకత్వమును సాహిత్య విమర్శకు విషయముగా గ్రహించుట మాత్రము అరుదు.

ముందుగా పరిధిని నిర్ణయించుకొందము. నాటకసమాజములను వాని జీవనాధారమునుబట్టి మూడు తెఱగులుగా విభజింపవచ్చును. మొదటిది కుటుంబవృత్తిగా నడచునది. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనముతో ఆరంభమై, వనారస గోవిందరావుగారి నాయకత్వమున పెరిగి, కుటుంబము కుటుంబము ఒక శాఖగా విస్తరించిన సురభి సమాజము దీనికి ఉత్తమోదాహరణము. రెండవది, యజమాని పెట్టుబడి పెట్టి, నటులకు జీతములిచ్చి, టిక్కెట్ల రాబడిపై నడపుకొను కంపెనీ. మూడవది సభ. ఇందు జీతము లేదు. లాభమును పంచుకొనువారు లేరు. సభ్యులు పగలు కచేరీలలోను బడులలోను తమ తమ పనులు చూచుకొని, రాత్రి అభినయమును అభ్యసింతురు. బళ్లారి సభలు ఈ మూడవ తెఱగునకు చెందినవి. మేము నాయకత్వమని చెప్పునది ఇట్టి లాభాపేక్షలేని సభయొక్క నాయకత్వమునే.

మన ప్రాచీన సంప్రదాయములో సమాజనాయకునకు స్థానము లేకపోలేదు. సూత్రధారుడు నాందీప్రస్తావనలకు పరిమితుడైన పాత్రమని నేటి విద్యార్థులు తలంతురు. కాని నాట్యశాస్త్రము తుదిభాగమున భరతుడు నాటకబృందములోనివారిని లెక్కించునపుడు సూత్రధారునితోపాటు నటుని, విదూషకుని మాత్రమే చెప్పి ఊరకుండలేదు. కిరీటములు చేయువానిని, పూలమాలలు కట్టువానిని, వేషము దిద్దువానిని, వస్త్రములకు రంగులు వేయువానినికూడ లెక్కించినాడు. నాటకము పెక్కుమంది చేతిపని యని శాస్త్రకారునకు తెలియును. ఆ చేతులన్నిటిని ఒక త్రాటిపై నిలుపుటచేతనే సూత్రధారునకు ఆ పేరు సార్థకము. బళ్లారి సభానాయకులు ఈ ప్రాచీనార్థములో సూత్రధారులు. అయితే ప్రాచీన సూత్రధారుడు కవి కూర్చిన నాటకమును ఆడించును. వీరు తామే కవులు, తామే శిక్షకులు. ధర్మవరమువారి విషయమున నాయకుడే ప్రధాననటుడుకూడ. వీనికితోడు సభ వ్యయభారముకూడ వారిదే.

ఇట్టి సభలు బళ్లారిలో పుట్టుట కాకతాళీయము కాదు. నేడు కర్ణాటక రాష్ట్రములోనున్న ఈ పట్టణము అప్పుడు మద్రాసు రాజధానిలోని ఒక జిల్లాకు ముఖ్యస్థానము. 1953 వఱకు ఆ స్థితియే యుండి, ఆ సంవత్సరమున ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు అది మైసూరు రాష్ట్రమున చేరినది. తెలుగు, కన్నడములు రెండును వీథిలోను ఇంటిలోను వినవచ్చు ఊరు. జిల్లాకోర్టు ఉండుటచే ఆంగ్లవిద్య నేర్చి, ధారాళముగా మాటలాడుట వృత్తిగా గల ప్లీడర్ల సమూహ మొకటి అచట నిలుకడగా నుండెను. వారికి షేక్స్పియరును తెలియును; కాళిదాసును తెలియును; తోలుబొమ్మలాటయు యక్షగానమును చిన్ననాటినుండి పరిచితములే. వాదించుటకు అలవడిన గొంతు, సాయంకాలమున తీఱిక, కొంత ధనము, పదిమందిలో గౌరవము - ఈ నాలుగును ఒకచోట చేరినప్పుడు నాటకసభ పుట్టుటకు కావలసినది ఒక మనుష్యుడు మాత్రమే.

ఆ మనుష్యుడు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు. వారు 1886లో సరసవినోదినీ సభను స్థాపించిరి. 1887లో చిత్రనళీయము ప్రదర్శింపబడినది. అంతకు ముందు తెలుగున నాటకము లేదని కాదు. కోరాడ రామచంద్రశాస్త్రిగారి మంజరీ మధుకరీయము అంతకు చాల పూర్వమే వ్రాయబడినది. 1880లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తమ విద్యార్థులచే నాటకములు ఆడించిరి. కాని ఒక ఊరిలో ఒక సభ నిలిచి, దాని నాయకుడు ఏటేట క్రొత్త నాటకమును తన నటులకొఱకే కూర్చి, వారికి నేర్పి, వారితోపాటు తానును రంగమెక్కుట ధర్మవరమువారితో స్థిరపడినది. పాదుకాపట్టాభిషేకము, ప్రహ్లాద, ప్రమీలార్జునీయము, బృహన్నల మున్నగు నాటకములు ఈ విధముగా పుట్టినవే. వారికి ఆంధ్ర నాటకపితామహ బిరుదము వచ్చుటకు నాటకముల సంఖ్యకంటె ఈ పద్ధతియే ముఖ్యకారణమని మా యభిప్రాయము.

ఇచట మా పొరపాటు నొకదానిని ఒప్పుకొనవలసి యున్నది. కొన్నియేండ్ల క్రిందట మేము స్నాతకోత్తర తరగతిలో విషాదసారంగధరను బోధించుచుండగా ఒక విద్యార్థిని లేచి, ఇంత దుఃఖకథలో ఇన్ని పాటలేల అని ప్రశ్నించినది. మేము క్షణమైన ఆలోచింపక, అది కాలదోషము, ఆనాటి ప్రేక్షకుల అభిరుచికి కవి లొంగిన దోషము అని సమాధానము చెప్పితిమి. తరగతి ఆ సమాధానమును వ్రాసికొనినది. పరీక్షలలో పలువురు దానినే తిరుగ వ్రాసిరి. తరువాత ఆ నాటకమును మఱల మఱల చదివినకొలది మా సమాధానము సగము మాత్రమే నిజమని తోచినది. పాటను గూర్చి చెప్పితిమి గాని, ఆ పాటలనడుమనే నిలిచిన విషాదాంతమును గూర్చి ఆలోచింపలేదు. ప్రేక్షకులకు లొంగిన కవి, ప్రేక్షకులు కోరని ముగింపును ఎట్లు పెట్టగలిగెను? ఈ ప్రశ్నయే ఈ వ్యాసమునకు బీజము.

సారంగధరకథ తెలుగువారికి క్రొత్తది కాదు. రాజరాజనరేంద్రుని కుమారుడైన సారంగధరుని సవతితల్లి చిత్రాంగి మోహించి, అతడు నిరాకరింపగా నింద మోపును. రాజు విచారణ చేయక కుమారుని కాలుసేతులు నఱికించును. చేమకూర వేంకటకవి మొదలుగా పలువురు చేపట్టిన ఈ కథకు ప్రచారములోనున్న ముగింపు సిద్ధుని అనుగ్రహము. పోయిన యవయవములు మఱల వచ్చును, పాపము కడుగుకొనిపోవును, వినువాడు తేలికపడి ఇంటికి పోవును. 1889లో వెలువడిన విషాదసారంగధరలో ధర్మవరమువారు ఈ ఊరటను తొలగించిరి. నాయకుడు మరణించును. తండ్రి చేసిన అవివేకము సరిదిద్దరానిదై నిలుచును. సంస్కృత నాటకమర్యాద మంగళాంతమును కోరును. జానపదకథ అద్భుతమును కోరును. రెంటిని కాదని, తెలుగున తొలి విషాదాంత నాటకముగా చరిత్రకారులు లెక్కించు కృతిని ఆచార్యులవారు రంగమున నిలిపిరి.

దీనికి ఆంగ్లనాటక పరిచయము కారణమని సాధారణముగా చెప్పుదురు. అది నిజమే గాని చాలదు. ఆంగ్లనాటకములను చదివినవారు ఆనాడు పెక్కుమంది కలరు. చదువుట వేఱు, చదివినదానిని వేయిమంది ప్రేక్షకుల యెదుట పరీక్షకు పెట్టుట వేఱు. కంపెనీ యజమాని ఈ పరీక్షకు సులభముగా సాహసింపడు. ఒక వారము ప్రేక్షకులు రాకున్న అతని నటులకు జీతము ముట్టదు. కుటుంబసమాజ నాయకుడును సాహసింపడు. ఆ వారము ఇంట పొయ్యి వెలుగదు. ధర్మవరమువారికి జీవనము కోర్టులో నడచుచుండెను. నాటకము ఓడినచో పరువునకు కొంత కొఱత, చేతిసొమ్మునకు కొంత నష్టము. ఆ రెండును భరింపదగినవి. కావున విషాదాంతము ఆయన పాండిత్యముచే మాత్రమే కాక, ఆయన నడపిన సభ స్వభావముచేకూడ సాధ్యమైనదని మేము తలంచుచున్నాము. లాభమును కోరని సంస్థకు గల ప్రధానమైన స్వాతంత్ర్యము ఇదియే: నష్టపడుటకు హక్కు.

అయితే ఆ స్వాతంత్ర్యము హద్దులు లేనిది కాదు. సభ్యులు జీతము కొఱకు రాలేదు. మఱి దేనికొఱకు వచ్చిరి? పాడుటకు, పదిమందిచే మెప్పుపొందుటకు వచ్చిరి. జీతమిచ్చిన నటుని యజమాని ఊరకుండుమని ఆజ్ఞాపింపగలడు. జీతము లేని నటునకు నాయకుడు ఈయగలిగినది అవకాశము మాత్రమే. మంచి కంఠముగల సభ్యునకు పాట లేనిచో అతడు రేపటి అభ్యాసమునకు రాడు. పద్యములతోపాటు రాగతాళములతో కూడిన పాటలను పాత్రలచే పాడించు పద్ధతి ధర్మవరమువారి చేతిలో స్థిరపడుటకు ప్రేక్షకుల కోరిక యొక్కటే కాక, సభ్యుల కోరికయు కారణమై యుండునని మా ఊహ. ఇది ఊహయే గాని నిరాధారము కాదు. సభను నడపిన ప్రతివాడును ఈ యిరుకున పడినవాడే. కాబట్టి విషాదసారంగధరలో పాటయు విషాదాంతమును పరస్పర విరుద్ధములు కావు. ఒకటి నాయకుడు తన సభకు చెల్లించిన మూల్యము. మఱియొకటి ఆ మూల్యముతో కొనిన స్వాతంత్ర్యము. ఆ విద్యార్థినికి మేము చెప్పవలసిన సమాధానము ఇదియై యుండెను.

అదే ఊరిలో కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడపిరి. వీరును న్యాయవాదులే. కాని ఇరువురి నాయకత్వమునందును భేదము కలదు. ధర్మవరమువారు రంగమెక్కిన నాయకులు. కోలాచలమువారు ప్రధానముగా పండిత నాయకులు. ప్రపంచ నాటక చరిత్రను ఆంగ్లమున గ్రంథముగా కూర్చి 1908లో ప్రకటించిన వారి దృష్టి ఎంత విశాలమో దానివలననే తెలియును. ఒక జిల్లాపట్టణములో వకాలతు చేసికొనుచు, సభను నడపుచు, దేశదేశముల నాటకమును పరిశీలించిన మనుష్యునకు నాటకము వినోదమాత్రము కాజాలదు. సునందినీ పరిణయము వంటి రచనలతోపాటు చాందుబీబీ, మైసూరు రాజ్యము, ప్రతాపాక్బరీయము మున్నగు చారిత్రక నాటకములను వారు వ్రాసిరి. చారిత్రక నాటకమునకు తెలుగున బాట వేసినవారిలో వారిని ప్రథములుగా లెక్కింతురు.

వారి రామరాజు చరిత్రమును ఈ దృష్టితో చూడవలెను. 1565లో జరిగిన తళ్లికోట యుద్ధము, విజయనగర పతనము అందలి వస్తువు. హంపీ శిథిలములు అప్పుడు బళ్లారి జిల్లాలోనివే; 2021లో జిల్లా విభజింపబడినందున నేడు అవి విజయనగర జిల్లాలోనున్నవి. కోలాచలమువారు జన్మించిన కమలాపురము ఆ శిథిలముల ప్రక్కననే కలదు. బళ్లారిలో కలెక్టరుగా పనిచేసిన రాబర్టు సూయెల్ 1900లో విజయనగర చరిత్రను ప్రకటించెను. ఆ కాలమున ఆ మహానగర పతనము పండితుల చర్చకు వచ్చినది. బళ్లారి ప్రేక్షకునకు మాత్రము అది పుస్తకములోని విషయము కాదు. బండి కట్టుకొని పోయి చూచివచ్చిన రాళ్లు. తన ఊరి ప్రజలకు తమ ప్రక్కనున్న శిథిలముల కథను చూపుట ప్రాంతీయసభా నాయకునకు మాత్రమే తోచు ఆలోచన. ఊరూర తిరుగు కంపెనీకి ఏ ఊరిలోనైన చెల్లు పురాణకథ కావలెను. ఒక ఊరికి కట్టుబడిన సభకు ఆ ఊరి నేల వస్తువు కాగలదు.

ఈ నాటకమున మఱియొక విశేషము కలదు. అందలి పఠాన్ రుస్తుం పాత్రను ధరించినవారు బళ్లారి రాఘవాచార్యులవారు (1880–1946). ఆయన ధర్మవరమువారి మేనల్లుడు, న్యాయవాది. ఆ పాత్రవలన ఆయనకు కలిగిన కీర్తి ఎట్టిదనగా, నాటకము పేరు రామరాజుదైనను ప్రేక్షకులు జ్ఞాపకముంచుకొనినది రుస్తుమునే. విమర్శకులు దీనిని నటుని ప్రతిభగా మాత్రమే వర్ణించిరి. మేము దీనిలో నాయకుని గుణమునుకూడ చూచుచున్నాము. ఎదిరి సభానాయకుని మేనల్లునకు తన సభలో చోటిచ్చుట ఒకటి. అతడు పెరుగుచుండగా పాత్ర పెరుగుటకు, నాటకముయొక్క గురుత్వకేంద్రము తాను నిర్ణయించిన చోటినుండి కదలుటకు సమ్మతించుట రెండవది. కవియైన నాయకునకు ఈ రెండవది మిక్కిలి కష్టము. తన వాక్యముకంటె మఱియొకని మౌనము గొప్పగా పండినపుడు సంతోషింపగలవాడే సభను నడపుటకు అర్హుడు.

బళ్లారి నాయకత్వము ఎంత దూరము ప్రసరించినదో మద్రాసు చెప్పగలదు. 1891లో సరసవినోదినీ సభవారు మద్రాసునకు పోయి తెలుగు నాటకములను ప్రదర్శించిరి. వానిని చూచినవారిలో పదునెనిమిదేండ్ల యువకుడు పమ్మల్ సంబంధ మొదలియార్ (1873–1964) ఒకరు. అంతకుముందు ఆయనకు తమిళ నాటకముపై గౌరవము లేదు. చదువుకొనినవారు, వృత్తిచే న్యాయవాదులు, రంగమెక్కి ఇంత చక్కగా అభినయింతురా యని ఆశ్చర్యపడి, అదే సంవత్సరము జులై 1వ తేదీన మద్రాసున సుగుణవిలాస సభను స్థాపించుటకు ఆయన పూనుకొనెను. ఈ సంగతిని ఆయనయే తన నాటకరంగ స్మృతులలో వ్రాసియున్నాడు. ఆధునిక తమిళ నాటకమునకు ఆద్యులలో ఒకరు తెలుగు సభను చూచి మేల్కొనుట మన చరిత్రలో సగర్వముగా చెప్పుకొనదగిన విషయము. అయితే ఆ యువకుడు మద్రాసునకు తీసికొనిపోయినది నాటకమును కాదు, నాయకత్వమును. చదువుకొనిన మనుష్యుడు సిగ్గుపడక సభను కట్టి నడపవచ్చునను ధైర్యమును.

ఇంతవఱకు బళ్లారి నాయకత్వము ఇచ్చినదానిని చెప్పితిమి. ఈయలేకపోయినదానినికూడ చెప్పవలెను. మొదటి లోపము స్త్రీలను గూర్చినది. చదువుకొనినవారి గౌరవమే ఈ సభలకు మూలధనము. ఆ గౌరవము చెడకుండుటకై సభ స్త్రీని రంగమునకు రానీయలేదు. పురుషులే స్త్రీపాత్రలను ధరించిరి. చిత్రాంగివంటి పాత్రను వ్రాసిన సభకు ఆ పాత్రను ధరింపదగిన స్త్రీకి తలుపు తీయుటకు ధైర్యము చాలలేదు. ఆ కాలమున అది సాధ్యము కాదందురా? ఆ కాలముననే పుట్టిన సురభివారిలో ఆడువారు స్త్రీపాత్రలను ధరించిరి. పొట్టకూటికై ఆడినవారు చేయగలిగిన సంస్కారమును, పొట్టకూటి బాధ లేనివారు చేయలేకపోయిరి. నష్టపడుటకు హక్కుగల సభ తన పరువును మాత్రము నష్టపడుటకు ఒప్పుకొనలేదు. తరువాత రాఘవాచార్యులవారు చదువుకొనిన స్త్రీలు రంగమునకు రావలెనని పట్టుపట్టి, వారితో కలిసి నటించి, ఈ ఋణమును కొంత తీర్చిరి. తీర్చినది సభ కాదు, సభనుండి వెలుపలికి వచ్చిన వ్యక్తి అనునది గమనింపదగినది.

రెండవ లోపము ఇంకను పెద్దది. ధర్మవరమువారు 1912లోను, కోలాచలమువారు 1919లోను దివంగతులైరి. సరసవినోదిని, సుమనోరమ అను పేర్లు నేడు మనకు చరిత్రగ్రంథములవలన మాత్రమే పరిచితములు. బళ్లారికి రాఘవాచార్యులవారివంటి నటుడు మిగిలెను. ఆయన పేరుతో అచట కళామందిరము నేటికిని కలదు. కాని నటుడు వారసుడైనాడు గాని సభ వారసత్వముగా నిలువలేదు. రాఘవాచార్యులవారు పెక్కు సమాజములతో ఆడిరి. ఇంగ్లండునకు 1928లో పోయివచ్చిరి. సహజాభినయమునకు మార్గము చూపిరి. వారు కీర్తిలో మేనమామను మించిరి. అయినను మేనమామవలె ఏటేట ఒక సభకు నాటకమును, నటునికి శిక్షను, ఊరికి ఒక రాత్రిని సమకూర్చు పని వారి పని కాలేదు. కవియు, శిక్షకుడును, వ్యయభర్తయు ఒక్కడేయైన సభలో ఆ ఒక్కడు పోయినచో మూడు పనులును ఒకేసారి ఆగును. ఏ కారణముచే సభ సాహసింపగలిగినదో ఆ కారణముచేతనే సభ నిలువలేకపోయినది.

నియమావళి ఉండినచో నిలిచియుండునని కొందఱందురు. సుగుణవిలాస సభ అనుభవము ఈ వాదమును పూర్తిగా బలపఱచదు. ఆ సభ నిలిచినది, మద్రాసు మౌంటురోడ్డుమీద స్థానమును సంపాదించినది, నేటికిని కలదు. కాని నేడది ప్రధానముగా సభ్యుల వినోదశాల. నాటకము దాని ప్రాణము కాదు. సంస్థ నిలిచి కళ తొలగుట ఒక విధమైన ముగింపు. కళ నిలిచి సంస్థ తొలగుట మఱియొక విధమైన ముగింపు. బళ్లారికి రెండవదియు మద్రాసునకు మొదటిదియు లభించినవి. కావున విచారింపవలసినది నియమావళిని గూర్చి కాదు. నాయకుడు తన పనిని ఇతరులకు నేర్పెనా లేదా యను విషయమును గూర్చి.

దీనికి పోలికగా బళ్లారి నేడున్న కర్ణాటకమునుండియే ఒక ఉదాహరణము తీసికొందము. శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలోని హెగ్గోడు ఒక చిన్నపల్లె. అచటి గ్రామస్థులు 1949లో నీలకంఠేశ్వర నాట్యసేవాసంఘమును స్థాపించిరి. దానినే నీనాసం అని వ్యవహరింతురు. దానికి చిరకాలము నాయకులైనవారు కె. వి. సుబ్బన్నగారు (1932–2005). పోకతోటల వ్యవసాయము వారి జీవనాధారము. అనగా వారికిని బళ్లారి ప్లీడర్లవలె నాటకమువలన బ్రదుకవలసిన అగత్యము లేదు. ఇంతవఱకు పోలికయే. భేదమెచటననగా, వారు 1980లో నాటకశిక్షణాలయమును, 1985లో ఊరూర తిరుగు ప్రదర్శనబృందమును ఏర్పాటుచేసిరి. 1991లో వారికి మాగ్సేసే బహుమానము లభించినది. వారి తదనంతరము కుమారుడు అక్షరగారు ఆ భారమును వహించిరి. ఇది మఱల కుటుంబవారసత్వమే కదా యని ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణలో కొంత నిజము కలదు. కాని శిక్షణాలయమున చదివినవారు కర్ణాటకమంతట వేఱు బృందములను కట్టి నడపుచున్నారు. ఒక నాయకుని చేతిపని పలువురి చేతికి దిగినది. ధర్మవరమువారు నటులను తీర్చిరి. సుబ్బన్నగారు నాయకులనుకూడ తీర్చిరి. ఆఱు దశాబ్దముల వెనుకటివారిని ఈ కొలబద్దతో కొలుచుట అన్యాయమని మేమెఱుగుదుము. దోషారోపణకై కాదు, లోపము స్వరూపము తెలియుటకై ఈ పోలిక చెప్పితిమి.

ఇచట ఒక పూర్వపక్షము వచ్చును. సభ నిలిచిననేమి, నిలువకున్ననేమి? నాటకము గ్రంథరూపమున నిలిచినది కదా. సాహిత్యవిద్యార్థికి అంతకుమించి యేమి కావలెను? మేము దీని నంగీకరింపము. సభతోడి సంబంధము తెగిన నాటకగ్రంథము సగము చదువబడిన గ్రంథము. విషాదసారంగధరలోని పాట మాకు దోషముగా తోచుటకు కారణము మా రసజ్ఞత కాదు. ఆ పాటను పాడిన సభ్యుని మేమెఱుగకపోవుట. రామరాజు చరిత్రమున నాయకుడు వెనుకబడి రుస్తుము ముందునకు వచ్చెనని వ్రాయుటకు ముందు, ఆ రుస్తుమును ధరించినవాని నెఱుగవలెను. ఈ యెఱుక లేనిచో మనము ఆడుటకు వ్రాసినదానిని చదువుటకు వ్రాసినదానివలె పరీక్షించి, లేని దోషములను కనిపెట్టి, ఉన్న గుణములను విడిచిపెట్టుదుము. మేము అట్లు చేసితిమని ముందే మనవిచేసికొంటిమి.

కావున పరిశోధక విద్యార్థులకు మేము చేయు సూచన ఇది. ఈ నాటకకర్తల కృతులపై నాయికానాయక నిరూపణము, రసపోషణము, అలంకారములు అను శీర్షికలతో సిద్ధాంతవ్యాసములు ఇంకను వ్రాయవచ్చును. కాని అంతకంటె ముందు చేయవలసిన పని యొకటి కలదు. బళ్లారి, అనంతపురము, తాడిపత్రి, ఆదవాని ప్రాంతముల పాత గృహములలోని పెట్టెలలో ప్రదర్శనముల కరపత్రములు, పాత్రల వారీగా విడదీసి వ్రాసికొనిన ప్రతులు, జమాఖర్చుల పుస్తకములు, ఉత్తరములు మిగిలియుండుట అసంభవము కాదు. అవి కవిత్వము కావని పాఱవేయుచున్నాము. ఒక పాత్రకు చెందిన మాటలు మాత్రమే వ్రాసికొనిన ఒక పాత కాగితము, ఆ పాత్రకు ఏ పద్యము తొలగింపబడినదో, ఏ పాట చేర్చబడినదో చెప్పగలదు. జమాఖర్చు పుస్తకములోని ఒక పుట, విషాదాంతమునకు సభ చెల్లించిన మూల్యమును అంకెలలో చెప్పగలదు. ఈ సామగ్రిని సేకరించుటలో కన్నడశాఖవారితో కలిసి పనిచేయుట అవసరము; ఆ ఊరి నాటకచరిత్రను రెండు భాషలును పంచుకొనినవి.

తుదకు మేము చెప్పదలచినది సంగ్రహముగా ఇది. బళ్లారి సభానాయకులు వేఱొక వృత్తివలన బ్రదుకుచు నాటకమునకు స్వేచ్ఛ నిచ్చిరి. ఆ స్వేచ్ఛయే తెలుగునకు విషాదాంతమును, చారిత్రక నాటకమును తెచ్చినది. ఆ స్వేచ్ఛ వారి వ్యక్తిత్వముతో పుట్టి, వారితోనే పోయినది. స్త్రీకి తలుపు తీయలేదు. తరువాతివానికి తాళపుచెవి ఈయలేదు. వారిని పితామహులని కీర్తించుట సులభము. వారు ఏ పనులు చేసిరో, వానిలో ఏవి మఱియొకరికి నేర్పదగినవో వివరించుట కష్టము. ఈ రెండవ పనినే విమర్శ చేపట్టవలెను. నేడు మన పట్టణములలో లాభాపేక్ష లేక, ఉద్యోగము చేసికొనుచు, సాయంకాలములలో నాటకసమాజములను నడపుచున్నవారు ఇంకను కలరు. వారి ప్రదర్శనములకు పోయినపుడు నాటకము ఎట్లున్నదని మాత్రమే కాక, మీ తరువాత దీనిని నడపువా రెవరని వారిని అడుగుట మన కర్తవ్యము. ఆ ప్రశ్నను 1890 ప్రాంతముల బళ్లారిలో ఎవరైన ఆచార్యులవారిని అడిగియుండినచో, మేము ఈ వ్యాసమును వేఱువిధముగా ముగించియుందుము.